గూడ్స్ బండికి పచ్చజెండా ఉన్నా నడిపేవారు ఉండాలి: భిలాయి నుంచి ఒక పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఇలాంటి కొలిమిని స్విచ్ నొక్కినట్టు ఆపి, మళ్లీ వెలిగించడం కుదరదు. అందుకే దాని ఆకలి ఆగదు. దల్లీ-రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం, విశాఖపట్నం రేవు నుంచి విజయనగరం, రాయగడ మీదుగా దిగుమతి కోకింగ్ బొగ్గు రైళ్లలో వస్తూనే ఉండాలి. తయారైన పట్టాలు, ఉక్కు తిరిగి రైళ్లలోనే బయటికి వెళ్లాలి.

పట్టాలు ఖాళీగా ఉండి, ఇంజను, వ్యాగన్లు సిద్ధంగా ఉన్నా గూడ్స్ బండి ఒక్కోసారి గంటల తరబడి కదలదు. దానికి ఒక ముఖ్య కారణం, నడపడానికి అర్హులైన సిబ్బంది ఆ సమయానికి అందుబాటులో లేకపోవడం. సిబ్బంది అంటే లోకో పైలట్, సహాయ లోకో పైలట్, ట్రైన్ మేనేజర్. గార్డు పదవికే 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనే పేరు వచ్చింది.

రెండు గడియారాలు

ప్రయాణికుల రైలుకు టైమ్ టేబుల్ ఉంటుంది కాబట్టి ఎవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో ముందే రాసిపెట్టవచ్చు. గూడ్స్ బండి సంగతి అలా కాదు. సరుకు నిండి, బ్రేకుల తనిఖీ పూర్తయి, దారి దొరికినప్పుడే అది బయలుదేరుతుంది. అందుకే సిబ్బందిని సుమారు రెండు గంటల ముందు పిలుస్తారు. పూర్వం కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని రైల్వే క్వార్టర్ల తలుపు తట్టేవాడు. ఇప్పుడు రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం 'క్రిస్' తయారుచేసిన క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఎవరి వంతు, ఎవరి విశ్రాంతి ఎప్పుడు ముగుస్తుందో లెక్క చూస్తుంది.

సిబ్బంది లాబీకి వచ్చి, శ్వాస పరీక్ష ఇచ్చి సైన్ ఆన్ చేసిన క్షణం నుంచి వారి గడియారం మొదలవుతుంది. రైల్వే నిబంధనల ప్రకారం బండి నడిపే పని సాధారణంగా ఏకబిగిన 9 గంటలు మించకూడదు. మించేలా ఉంటే కనీసం 2 గంటల ముందే వారికి తెలియజేయాలి. అప్పుడు కూడా సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ వరకు మొత్తం 11 గంటలు దాటకూడదు. అత్యవసరాలకు మినహాయింపు ఉంది. 8 గంటలు లేదా అంతకు మించి పనిచేసినవారికి సొంత ఊళ్లో 16 గంటలు, బయటి ఊళ్లోని రన్నింగ్ రూమ్‌లో 8 గంటలు విశ్రాంతి ఇవ్వాలి.

ఒక ఆలస్యం ఎలా పిల్లలు పెడుతుంది?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. భిలాయి మార్షలింగ్ యార్డులో సిబ్బంది రాత్రి 10 గంటలకు సైన్ ఆన్ చేశారు. బండి 11:30కి కదిలింది. గమ్యానికి 6 గంటల దారి. అంతా సవ్యంగా సాగితే ఉదయం 5:30కి చేరి, 6 గంటలకు సైన్ ఆఫ్ చేసి, 8 గంటల విశ్రాంతి తర్వాత మధ్యాహ్నం 2 గంటలకు మళ్లీ సిద్ధమవుతారు. వారిని 3 గంటల తిరుగు బండికి అనుకున్నారు.

కానీ ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇస్తూ లూప్ లైన్లో గంటన్నర పోయింది. గమ్యం యార్డు నిండిపోవడంతో ఉదయం 7 నుంచి సిగ్నల్ దగ్గరే ఆగారు. 9 గంటలకు 11 గంటల గడువు నిండింది. ఇక వేరే సిబ్బందిని పంపి వీరిని దించాలి. ఆ వచ్చినవారు నిజానికి ఇంకో బండికి కేటాయించినవారు. కాబట్టి ఆ బండి ఆగింది. దిగినవారి విశ్రాంతి సాయంత్రం 5 గంటలకు గానీ ముగియదు కాబట్టి 3 గంటల తిరుగు బండీ ఆగింది. ఆగిన బండ్లు యార్డులో పట్టాలను ఆక్రమిస్తాయి. యార్డు మరింత నిండి, వెనక వచ్చే బండ్లు కూడా బయటే నిలుస్తాయి. ఆలస్యం వల్ల సిబ్బంది కొరత, కొరత వల్ల మరింత ఆలస్యం. శాస్త్రవేత్తలు దీన్ని ఆలస్య వ్యాప్తి అంటారు.

గణితం ఏం చెబుతుంది?

పది బండ్లకు పది బృందాలను కేటాయించే పద్ధతులే 36,28,800. ప్రతి బృందానికీ విశ్రాంతి ముగిసిందా, ఆ మార్గం తెలుసా, ఆ రకం ఇంజను నడపడంలో శిక్షణ ఉందా అన్నవి చూడాలి. కంప్యూటర్ ఈ చిక్కుముడిని విప్పగలదు గానీ లేని మనుషులను సృష్టించలేదు.

మరి ఎంతమంది ఉంటే చాలు? వరుసల సిద్ధాంతంలోని అతి సరళమైన నమూనా ఒక హెచ్చరిక చేస్తుంది. ఒక పనికి పట్టే సగటు సమయాన్ని 1 అనుకుంటే, వ్యవస్థ 50 శాతం నిండినప్పుడు సగటు నిరీక్షణ 1. 80 శాతం నిండితే 4, 90 శాతానికి 9, 95 శాతానికి 19. చివరి అయిదు శాతం పొదుపుతో నిరీక్షణ రెట్టింపు దాటుతుంది! రైల్వే ఈ నమూనా కంటే ఎంతో సంక్లిష్టం. అయినా సూత్రం ఒకటే: రాకపోకలు అనిశ్చితంగా ఉన్నచోట అందరినీ నూరు శాతం పనిలో ఉంచడం సామర్థ్యం అనిపించుకోదు. కర్మాగారం ఖనిజాన్ని కుప్ప పోసి దాచుకోగలదు. మనిషి పనిగంటలను అలా దాచలేం. కాబట్టి అదనపు బృందాలే ఇక్కడి నిల్వ.

పొడవైన బండ్లు పరిష్కారమా?

2022 ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే అయిదు గూడ్స్ బండ్లను కలిపి 'సూపర్ వాసుకి'ని కోర్బా నుంచి రాజనందగావ్ వరకు నడిపింది. 295 వ్యాగన్లు, సుమారు 3.5 కిలోమీటర్ల పొడవు, దాదాపు 27,000 టన్నుల బొగ్గు. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే కూడా మూడేసి బండ్లు కలిపిన 'త్రిశూల్'ను కొండపల్లి నుంచి, 'గరుడ'ను రాయచూరు నుంచి నడిపింది. వీటివల్ల దారితో పాటు సిబ్బంది కూడా ఆదా అవుతారు. అయితే సాధారణ లూప్ లైన్ సుమారు 700 మీటర్లే. ఇంత పొడవైన బండి పక్కకు తప్పుకోలేదు. 267 కిలోమీటర్లకు సూపర్ వాసుకికి 11 గంటలకు పైగా పట్టింది. పని గంటల పరిమితి దానికీ దగ్గర్లోనే ఉందన్నమాట.

లాబీ యంత్రం చూడలేనిది

పరిమితిని కాస్త సడలిస్తే సరిపోదా? 1997లో 'నేచర్' పత్రికలో డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, 17 గంటలు వరుసగా మేలుకొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుంది. రాత్రి 10 గంటలకు సైన్ ఆన్ చేసిన వ్యక్తి ఉదయం 8 గంటలకే లేచి, మధ్యాహ్నం కునుకు తీయకపోతే, అర్ధరాత్రి దాటిన గంటకే ఆ స్థితికి చేరతాడు. అప్పటికి డ్యూటీలో మూడు గంటలే గడిచాయి. శ్వాస పరీక్ష మద్యాన్ని పట్టుకుంటుంది, నిద్రలేమిని పట్టుకోదు. క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు విశ్రాంతి గంటలు తెలుసు. ఆ గంటల్లో నిద్ర పట్టిందో లేదో తెలియదు.

అందుకే మంచి సిబ్బంది ప్రణాళికకు రెండు గుణాలుండాలి. ఒకటి, అనుకోని ఆలస్యాన్ని మింగగల అదనపు బృందాలు. రెండు, ఇంటి దగ్గర నిద్రపోవడానికి వీలయ్యేంత ముందుగా, నమ్మదగినట్టుగా ఇచ్చే పిలుపు. మొదటిది లేకపోతే బండ్లు ఆగుతాయి. రెండోది లేకపోతే, ఆగాల్సిన చోట బండి ఆగకపోవచ్చు.