నడుమును కాదు, తుంటిని తిప్పండి

మా ఆలమూరులో గోల్ఫ్ మైదానము లేదు. ఊరి చుట్టూ వరిచేలు, కొబ్బరి తోటలు, కాలువలు. కొంత దూరములో గౌతమీ గోదావరి. ఇటువంటి ఊరి వైద్యుడు గోల్ఫ్ ఆటను గురించి వ్రాయుట పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని నేడు మన ఇళ్ళలోని పిల్లలు విశాఖపట్నములోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడుచున్నారు. వారి వెంట ఈ ఆట కూడ మన కుటుంబాలలోనికి వచ్చినది. విశాఖలో ఈస్ట్ పాయింట్ మైదానమునకు, హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిల్లా వద్దనున్న మైదానమునకు ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు సైతము వెళ్ళుచున్నారు. నాకు ఈ ఆటతో పరిచయము కలిగించినది మాత్రము మా బావగారి నడుమునొప్పి.

బావగారు ఇంజనీరుగా పనిచేసి విశాఖలో స్థిరపడినవారు. ముప్ఫై అయిదేళ్ళు కుర్చీలో కూర్చొని పనిచేసిన దేహము. 58వ ఏట స్నేహితుల ప్రోత్సాహముతో గోల్ఫ్ కర్ర పట్టినారు. ఒక సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు నడుము పట్టివేసి వంగలేకపోయినారు. నేను నువ్వులనూనె మర్దన, వావిలాకు నీళ్ళ స్నానము, వారము రోజుల విశ్రాంతి చెప్పినాను. నొప్పి తగ్గినది. ఆయన సంతోషముగా విశాఖకు వెళ్ళి మరల కర్ర పట్టినారు. ఉగాదికి మరల అదే నొప్పితో వచ్చినారు. మరల అదే చికిత్స చేసినాను.

ఆషాఢములో మూడవసారి వచ్చినప్పుడు నొప్పి నడుములో ఆగలేదు. పిరుదు నుండి పిక్క మీదుగా పాదము వరకు దిగినది. ఆయుర్వేదములో దీనిని గృధ్రసీ వాతము అంటారు. పీట మీద కూర్చొని భోజనము చేయలేక ఆయన నిలబడి తినుచుండగా మా అక్కగారి ముఖము చూడలేకపోయినాను. వెంటనే రాజమహేంద్రవరములోని ఎముకల వైద్య నిపుణుని వద్దకు తీసుకొని వెళ్ళినాను. ఆయన పరీక్షించి, కాలిలో బలము తగ్గలేదు కనుక శస్త్రచికిత్స అవసరము లేదని చెప్పి, నా వైపు తిరిగి, "ఇంతకాలము మీరు నొప్పికి వైద్యము చేశారు. ఆ నొప్పిని తెచ్చిపెడుతున్న కదలికను ఎప్పుడైనా చూశారా?" అని అడిగినారు.

నేను చూడలేదు. తప్పు నాదే. నూనె బిగుసుకొన్న కండరమును సడలించి సుఖమిచ్చినదే గాని, కండరమునకు బలమును, కీలుకు కదలికను తెచ్చిపెట్టలేదు. ఆ పని వ్యాయామము మాత్రమే చేయగలదు.

పెరటిలో నేర్చిన పాఠము

నొప్పి నెమ్మదించిన తరువాత ఒకనాడు మా పెరటిలో బావగారి చేతికి ఒక కర్ర ఇచ్చి, "బావగారూ, బంతిని ఎలా కొడతారో మెల్లగా ఒకసారి చూపండి" అన్నాను. ఆయన పాదములను నేలకు మేకులు కొట్టినట్లు నిలిపి, తుంటిని ఏమాత్రము కదల్చక, నడుమును మాత్రమే మెలిపెట్టి కర్ర త్రిప్పినారు. ప్రక్కనే గునపానికి గుచ్చి కొబ్బరికాయలు ఒలుచుచున్న పెద్దాయన చూచి నవ్వినాడు.

"ఆయ్, బాబుగారూ! అలా నడుం మెలేస్తే నేనీపాటికి మంచం మీదుందునండి. ఒలిచిన కాయ రాశిలో ఇసిరేటప్పుడు మడమ లేపి తుంటితో తిరుగుతానండి. నడుం ఊరికే కూడా వత్తాదండి, అంతే."

రోజుకు వందల కాయలు ఒలిచే మనిషి చెప్పిన ఈ మాట శరీర నిర్మాణ శాస్త్రముతో చక్కగా సరిపోవుచున్నది.

దేహములో ఏ భాగము ఎంత తిరుగును?

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు మించదు. అంత చిన్న బంతిని దూరము పంపుటకు ఆటగాడు భుజములను సుమారు 90 డిగ్రీలు వెనుకకు త్రిప్పి, క్షణములో ముందుకు తెచ్చును. ఈ 90 డిగ్రీలలో సగము, అనగా ఇంచుమించు 45 డిగ్రీలు, తుంటి నుండి రావలెను. మిగిలిన సగము వెన్నెముక నుండి రావలెను. వెన్నెముకలో ప్రక్కటెముకలు అంటియున్న పై భాగమున 12 పూసలున్నవి. ఇవి అన్నియు కలిసి ఒక ప్రక్కకు సుమారు 35 డిగ్రీలు తిరుగగలవు. క్రిందనున్న 5 నడుము పూసలు కలిసి తిరుగునది పది డిగ్రీలకు అటూ ఇటూగా మాత్రమే. వాటి కీళ్ళు వంగుటకు, నిలుచుటకు ఏర్పడినవే గాని మెలితిరుగుటకు కాదు.

ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చున్నవారికి తుంటి కీళ్ళు, పై వెన్ను బిగుసుకొనును. అప్పుడు అవి తిరుగవలసిన డిగ్రీలను నడుము పూసలు మోయవలసివచ్చును. పది డిగ్రీల కీలుతో ముప్ఫై డిగ్రీల పని చేయించినట్లగును. నొప్పికి మూలము ఇదియే.

ఇది బలహీనుల విషయము మాత్రమే అనుకొనరాదు. జగత్ప్రసిద్ధుడైన టైగర్ వుడ్స్ 2014 నుండి 2017 వరకు వెన్నుకు నాలుగు శస్త్రచికిత్సలు చేయించుకొనవలసివచ్చినది. ఆ తరువాత 2019లో మాస్టర్స్ పోటీ గెలిచినాడు. అంతటి వానికే వెన్ను మొరాయించినప్పుడు మనము జాగ్రత్తపడుట అవమానము కాదు.

గోల్ఫ్ ఆడనివారికి కూడ ఈ పాఠము వర్తించును. నూతిలో నీళ్ళు తోడుట, గ్యాసు బండను ప్రక్కకు జరుపుట, పారతో మట్టి తీసి వేయుట, షటిల్ ఆడుట, అన్నిటిలోను ఇదే తిరుగుడు ఉన్నది. అమలాపురములో విజయదశమినాడు చెడీ తాలింఖానాలో కర్రలు త్రిప్పు యువకులను గమనించండి. వారి పాదములు ఒక్కచోట నిలువవు. తిరుగుడు పాదము నుండి తుంటికి, తుంటి నుండి భుజమునకు ప్రాకును.

అర్ధశక్తి నియమము

స్థైర్యమును, బలమును కలిగించు శరీర చేష్టనే చరకుడు వ్యాయామము అన్నాడు. మన ప్రాచీనులు కీలు స్థిరముగా నిలుచుటను కూడ బలముతో సమానముగా లెక్కించినారు. వాగ్భటుడు బలవంతులు సైతము చలికాలములోను, వసంతములోను అర్ధశక్తితోనే వ్యాయామము చేయవలెననియు, మిగిలిన ఋతువులలో అంతకంటె తగ్గించవలెననియు విధించినాడు. అర్ధశక్తికి గుర్తు ఏమి? నుదురు, ముక్కు, చంకలలో చెమట పట్టి, ముక్కుతో తీసే ఊపిరి నోటికి వచ్చుట. అక్కడ ఆపవలెను. మా కోనసీమ వేసవిలో ఈ గుర్తు త్వరగానే కనపడును.

నిత్యసాధన

నొప్పి పూర్తిగా తగ్గిన తరువాతనే, ఉదయము నిద్ర లేచిన గంట తరువాత, ఖాళీ కడుపుతో గాని, భోజనమైన మూడు గంటలకు గాని చేయవలెను. లేచిన వెంటనే వంగి మెలితిరుగుట మంచిది కాదు. రాత్రి పడుకొన్నప్పుడు పూసల మధ్య మెత్తలు నీటిని పీల్చి ఉబ్బియుండును. ముందుగా పది నిమిషములు నడవవలెను.

1. తుంటి సడలింపు: చాప మీద కూర్చొని చేతులను వెనుకకు ఆన్చి, మోకాళ్ళు మడిచి పాదములను ఎడముగా ఉంచవలెను. రెండు మోకాళ్ళను కలిపి మెల్లగా ఎడమకు, పిదప కుడికి వాల్చవలెను. ప్రక్కకు పదిసార్లు.

2. పై వెన్ను సడలింపు: ఒక ప్రక్కకు పడుకొని మోకాళ్ళను పొట్ట వైపు ముడిచి, రెండు చేతులను ముందుకు చాచవలెను. పై చేతిని తలుపు తెరచినట్లు వెనుకకు తీసుకొనిపోవలెను. చూపు చేతి వెంట పోవలెను. మోకాళ్ళు లేవరాదు. ఊపిరి వదలుచు చేయవలెను. ప్రక్కకు ఎనిమిదిసార్లు.

3. సేతుబంధాసనము: వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి, పిరుదులను బిగించి పైకెత్తి, అయిదు లెక్కించునంతసేపు నిలిపి దించవలెను. పదిసార్లు. పిరుదు కండరములే తిరుగుడుకు ప్రధానమైన ఇంజను.

4. చేయి-కాలు చాపుట: మోకాళ్ళపై, అరచేతులపై నిలిచి కుడిచేతిని, ఎడమకాలును నేలకు సమానముగా చాచి మూడు లెక్కల వరకు నిలుపవలెను. నడుము ఊగరాదు. పిదప రెండవ జత. ఒక్కొక్క జత ఎనిమిదిసార్లు.

5. కుర్చీ గుంజీలు: కుర్చీ అంచున కూర్చొని చేతుల సాయము లేకుండ మెల్లగా లేచి మెల్లగా కూర్చొనవలెను. పదిసార్లు.

6. కర్ర త్రిప్పుట: కర్రను భుజములపై అడ్డముగా పట్టుకొని, పాదములు కొంచెము ఎడముగా నిలిపి, కుడికి తిరుగునప్పుడు ఎడమ మడమను, ఎడమకు తిరుగునప్పుడు కుడి మడమను లేపవలెను. నాభి, భుజములు కలిసి తిరుగవలెను. ప్రక్కకు పదిసార్లు. గోల్ఫ్ ఒక వైపే ఆడు ఆట కనుక రెండవ వైపు తిరుగుట మరువరాదు.

మొదటి మండలము, అనగా 40 దినములు, మొదటి నాలుగు మాత్రమే చేయవలెను. రెండవ మండలములో మిగిలిన రెండును చేర్చవలెను. నొప్పి పుట్టినచో ఆ సాధన ఆపి, తేలికైన దానికి దిగవలెను. లాగినట్లుండుట సహజము, పొడిచినట్లుండుట కాదు.

గృహవైద్యము

వారమునకు రెండు మూడు దినములు గోరువెచ్చని నువ్వులనూనెను నడుము, తుంటి, మోకాళ్ళు, పాదములకు మర్దించి, అరగంట తరువాత సున్నిపిండితో నలుగు పెట్టుకొని వేడినీటి స్నానము చేయవలెను. వావిలాకులు వేసి మరిగించిన నీరైన మరీ మంచిది. జ్వరము, అజీర్ణము, జలుబు ఉన్నప్పుడు మర్దన వద్దు. మధుమేహమువలన పాదములు తిమ్మిరెక్కియున్నవారు వేడి కాపడము పెట్టరాదు, కాలినను తెలియదు.

బలము పెరుగుటకు ఆహారములో మాంసకృత్తులు ఉండవలెను. పాలు, పెరుగు, పెసలు, మినుములు, అప్పుడప్పుడు నువ్వుల చిమ్మిలి ముద్ద చాలును. మధుమేహము కలవారు చిమ్మిలిని విడువవలెను.

హెచ్చరిక: కాలిలో బలము తగ్గుట, తొడల మధ్య స్పర్శ తెలియకపోవుట, మల మూత్రములపై పట్టు తప్పుట కనిపించినచో నూనెలతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. గుండెజబ్బు, ఎముకల గుల్లదనము ఉన్నవారు, శస్త్రచికిత్స అయినవారు వైద్యుని అనుమతితోనే సాధన ఆరంభించవలెను.

ఫలితము

బావగారు రెండు మండలములు కర్ర ముట్టలేదు. "నన్ను ఆట నుండి తరిమేశావయ్యా" అని ఫోనులో విసుగుకొనెడివారు. మొదటి మండలము చివర, ప్యాంటు వెనుకజేబు తడిమినట్లు చేయి వెనుకకు పోవుచున్నదని, కారు వెనుకకు నడుపునప్పుడు మెడతోపాటు వీపు కూడ తిరుగుచున్నదని చెప్పినారు. తరువాత ఆట మరల మొదలుపెట్టినారు. కాని పద్ధతి మార్చుకొన్నారు. ఆటకు ముందు పది నిమిషములు నడక, కర్ర త్రిప్పుట. తొలి దెబ్బలు సగము బలముతో. 18 గుంతలకు బదులు 9 గుంతలు. బంతి మునుపటికంటె దూరము పోవుచున్నదని ఆయన అంటారు. అది నేను చూడలేదు కనుక నమ్మమని మీకు చెప్పను.

నేను చూచినది ఒక్కటే. మొన్నటి సంక్రాంతికి మా ఇంట పీట మీద అందరితోపాటు కూర్చొని, పులిహోర మారు వడ్డించుకొని తిని, ఎవరి చేయి పట్టుకొనక లేచినారు. మా అక్కగారు అది చూచి, ఏమియు అనక, మరొక గరిటెడు పాయసము ఆయన గిన్నెలో పోసినది.