అమెరికాకు ఆవకాయ పార్సిల్

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఆవకాయ, గోంగూర పచ్చడి, కరివేపాకు పంపాలనుకుంటున్నాను. సుంకం పడుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆవకాయ, గోంగూర పంపవచ్చమ్మా. పచ్చి కరివేపాకు మాత్రం దయచేసి పెట్టకండి. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు ఆ మొక్క మీద కూడా బతుకుతుంది, అందుకే అక్కడ నిషేధం. మాంసం పచ్చళ్లూ వద్దు.

800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. అయితే మనిషి మనిషికి పంపే కానుక 100 డాలర్లు దాటకపోతే సుంకం ఉండదు. అమ్మాయే డబ్బు కట్టి దుకాణం నుంచి తెప్పించుకుంటే అది కానుక కిందకు రాదు.

కస్టమ్స్ ఫారంలో ఊరికే ‘తినుబండారాలు’ అని రాస్తే తనిఖీలో ఆగిపోవచ్చు. ‘ఇంట్లో పెట్టిన మామిడికాయ పచ్చడి, 2 కిలోలు, కానుక’ అని రాసి, పక్కనే అసలు విలువ వేయండి. విలువ తగ్గించి చూపమని ఎవరు చెప్పినా వినకండి.