సర్పగంధ: వేరు నుండి మాత్ర వరకు

గన్నేరు కుటుంబానికి చెందిన చిన్న పొద సర్పగంధ. దీనినే పాతాళగంధి అని కూడ అంటారు. ఔషధంగా ఉపయోగపడేది దీని వేరు. ఇది మిక్కిలి చేదు.

గుణములు: తిక్త రసం, ఉష్ణ వీర్యం, కటు విపాకం. కఫవాతహరం, నిద్రాజనకం. ఉన్మాదం, నిద్రలేమి, సర్పవిషం మొదలైన వాటికి పూర్వులు దీనిని వాడేవారు.

ఆధునిక పరిశోధన: 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదమునే గాక రక్తపోటును కూడ తగ్గించునని ప్రకటించారు. ఆ సంవత్సరమే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ బృందం ఇందలి క్షారాభములను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరిట ‘అజ్మలీన్’ అని నామకరణం చేసింది. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణులు రుస్తుం జాల్ వకీల్ తమ రోగులపై కనిపించిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించగా, ప్రపంచ వైద్యుల దృష్టి ఈ మొక్కపై పడింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ‘రెసర్పిన్’ను వేరుచేశారు.

పనిచేయు విధానం: నాడుల చివర సూక్ష్మమైన సంచులలో నార్‌అడ్రినలిన్, డోపమైన్, సెరటోనిన్ అనే రసాయనాలు నిల్వ ఉంటాయి. రెసర్పిన్ వాటిని ఆ సంచులలో చేరనీయదు. నార్‌అడ్రినలిన్ నిల్వ తరిగినకొద్దీ రక్తనాళాలు సడలి, గుండె వేగం తగ్గి, రక్తపోటు దిగుతుంది. మెదడులో ఈ మార్పే కలుగుటచేత మనస్సు నెమ్మదిస్తుంది. హద్దు మీరినచో ఆ నెమ్మదియే తీవ్రమైన కుంగుబాటుగా మారవచ్చును. మేలుకు, కీడుకు మూలం ఒక్కటే.

మోతాదు: రెసర్పిన్ మాత్ర దినసరి మోతాదు సాధారణంగా 0.1 నుండి 0.25 మిల్లీగ్రాములు మాత్రమే. వేరులోని క్షారాభముల పాలు నేలను, కాలమును, నిల్వను బట్టి మారుతుంది. కనుక చెంచాతో కొలిచిన చూర్ణంలో మందు ఎంత ఉన్నదో ఇంటిలో తెలియదు. పైగా పూర్తి ఫలితం కనబడుటకు వారాలు పడుతుంది. గుణం కనబడలేదని తొందరపడి మోతాదు పెంచరాదు.

జాగ్రత్తలు: కుంగుబాటు, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనిని వాడరాదు. రక్తపోటు మాత్రలు వాడుతున్నవారు వాటిని తమంతట తాము మాని వేరును ఆశ్రయించరాదు. రెండింటినీ కలిపి తీసుకొనరాదు. శస్త్రచికిత్సకు ముందు సర్పగంధ వాడిన సంగతి వైద్యునికి తప్పక తెలుపవలెను.

తులసి, అల్లం, వాము వలె ఇది వంటింటి మందు కాదు. వైద్యుని పర్యవేక్షణలోనే దీనిని సేవించవలెను.