ఎస్ఎంపీఎస్‌ని డబ్బా బయట పెడితే?

మన సంచికలో కథలు, కవితల మధ్య ఈసారి కాస్త రాగి తీగ కూడా ఉండనివ్వండి. "చిన్న క్యాబినెట్ అన్నా, గ్రాఫిక్స్ కార్డు పట్టట్లేదు. ఎస్ఎంపీఎస్‌ని బయట పెట్టేస్తే సరిపోదా?" అని ఒక జూనియర్ అడిగాడు. సరిపోతుంది. కానీ ఎలా పెడతామన్న దాని మీదే కంప్యూటర్ ప్రాణం, ఒక్కోసారి మన ప్రాణం కూడా ఆధారపడి ఉంటాయి. నా కంప్యూటర్‌కి ఈ పని చేసి ఏడాది దాటింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

ముందు లాభం చూద్దాం. ఎస్ఎంపీఎస్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే, లోపలికి 200 వాట్లు ఇవ్వడానికి గోడ నుంచి 250 లాగుతుంది. తేడా 50 వాట్లు వేడి కిందే పోతుంది. ఆ వేడి బయటికి పోతుంది, చోటూ మిగులుతుంది. అయితే పాత క్యాబినెట్లలో లోపలి వేడిగాలిని బయటికి తోసేది చాలావరకు ఎస్ఎంపీఎస్ ఫ్యానే. అందుకే ఖాళీ అయిన చోట ఇంకో ఫ్యాన్ బిగించాలి.

అసలు చిక్కు తీగ పొడవుతో వస్తుంది. ఇక్కడ ఓమ్ సూత్రం చాలు. 18 గేజ్ రాగి తీగకి మీటరుకి సుమారు 0.021 ఓమ్ నిరోధం. అందులో 5 ఆంపియర్లు పారితే 0.105 వోల్టు పోతుంది. తిరిగొచ్చే నల్ల తీగా అంతే తింటుంది కాబట్టి మొత్తం 0.21. 12 వోల్టుల లైన్లో ఇది 2 శాతం లోపే. 5 వోల్టుల లైన్లో 4 శాతం పైన. 3.3 వోల్టుల లైన్లో 6 శాతం దాటుతుంది! ఏటీఎక్స్ ప్రమాణం ఒప్పుకునేది 5 శాతమే. అంటే ముందు మొరాయించేది 3.3 లైనే. అదే 16 గేజ్ తీగ, అర మీటరే వాడితే నష్టం 2 శాతానికి దిగుతుంది.

13వ పిన్ దగ్గర నారింజ తీగతో పాటు ఒక సన్న తీగ కనిపిస్తుంది. అది సెన్స్ తీగ. కనెక్టర్ దాకా 3.3 సరిగ్గా చేరిందో లేదో ఎస్ఎంపీఎస్‌కి కబురు చెప్పే వేగు. ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే ఆ వేగు పాత కనెక్టర్ దగ్గరే ఆగిపోతాడు. అవతల పడిపోయిన వోల్టేజీ వాడికి తెలియదు.

ఇక ఎర్త్. ఎస్ఎంపీఎస్ స్క్రూల ద్వారానే క్యాబినెట్‌కి ఎర్త్ అందుతుంది. బయట పెడితే ఆ బంధం తెగుతుంది. మదర్‌బోర్డు గుండా కొంత కలిసే ఉన్నా దాన్ని నమ్ముకోకూడదు. ఎస్ఎంపీఎస్ స్క్రూ నుంచి క్యాబినెట్‌కి, రంగు గీకిన చోట, మందపాటి తీగ విడిగా బిగించాలి. ప్లగ్ పీకేసి మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూసుకోవాలి. 24 పిన్నుల్లో ఉండే ఆకుపచ్చ తీగని ఎర్త్ అనుకునేరు, అది 'ఆన్ అవ్వు' అని చెప్పే సిగ్నల్ మాత్రమే.

ఎస్ఎంపీఎస్ మూత మాత్రం విప్పొద్దు. 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారాక కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది, కొన్ని రకాల్లో 400కి దగ్గర. ప్లగ్ తీశాక కూడా కాసేపు అక్కడే కూర్చుంటుంది. బయటి డబ్బాని నీళ్ళ బకెట్‌కి, మంచం కింద బట్టలకి దూరంగా పెట్టండి.

కంపెనీలు ఏం చేశాయి? 2005 నాటి మొదటి మ్యాక్ మినీకి, ఎక్స్‌బాక్స్ 360కి అడాప్టర్ బయటే ఉండేది. కానీ అవి 24 తీగలు లాక్కురాలేదు. ఎక్కువ వోల్టేజీని పొడుగు తీగలో పంపి, చిన్న వోల్టేజీలని బోర్డు పక్కనే తయారుచేశాయి. ఊళ్ళకి కరెంటు టవర్ల మీద 220, 400 కిలోవోల్టుల్లో రావడం వెనకా ఇదే కారణం. తక్కువ వాట్ల కంప్యూటర్ అయితే, 12 వోల్టుల అడాప్టర్ బయట, 24 పిన్నుల సాకెట్లో గుచ్చే చిన్న డీసీ బోర్డు లోపల, ఇదే మేలైన దారి.

ఏ దారి పట్టినా, చివర్లో కంప్యూటర్‌కి బాగా పని చెప్పి, మదర్‌బోర్డు దగ్గర కొలవండి. 11.4, 4.75, 3.14, వీటికంటే కిందికి ఏదీ దిగకూడదు. నా 3.3 లైన్ లోడ్ మీద 3.24 చూపిస్తోంది. మీది ఎంతొచ్చిందో చెప్పండి.