వాగును చదువుదాం



మనం అక్షరాలు నేర్చుకున్నాం. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నాం. రేషన్ కార్డు మీద మన పేరు చదువుతున్నాం. ఈ పాఠంలో వాగును చదవడం నేర్చుకుందాం.

మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకు చెరువు కొత్త కాదు. వాన పడితే గుట్టల మీది నీళ్లు వాగుల్లోకి దిగుతాయి. వాగులు చెరువులను నింపుతాయి. వాగు బాగుంటేనే చెరువు బాగుంటుంది.

వాగులో ఎవరెవరు ఉంటారు?

ఒడ్డు మీది చెట్టు ఆకు రాలి నీళ్లలో పడుతుంది. కంటికి కనబడని క్రిములు దాన్ని మెత్తబరుస్తాయి. చిన్న పురుగులు ఆ ఆకును తింటాయి. పురుగులను చేపలు తింటాయి. చేపలను కొంగలు తింటాయి. తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి. అవి దోమ పిల్లలను తింటాయి. వాగు కూడా ఒక ఊరి లాంటిదే. ఒకరి బతుకు ఇంకొకరితో ముడిపడి ఉంటుంది.

శాస్త్రవేత్తలు వాగును ఎట్లా చదువుతారు?

వాగులో దిగి రాళ్లు కదిలిస్తారు. నీళ్లు పారే వైపు వల పడతారు. వలలో పడ్డ పురుగులను తెల్లని పళ్లెంలో వేసి లెక్కపెడతారు. కొన్ని పురుగులు మంచి నీళ్లలోనే బతుకుతాయి. కొన్ని ఎర్రని సన్న పురుగులు మురికిలో కూడా బతుకుతాయి. మొదటి రకం మాయమై, ఎర్ర పురుగులే మిగిలితే నీళ్లు చెడ్డాయని గుర్తు.

పురుగులనే ఎందుకు చూడాలి? నీళ్లు పారిపోతాయి. పురుగు అక్కడే ఉంటుంది. మొన్న వచ్చి పోయిన మురికి సంగతి కూడా అది చెప్తుంది.

ఇసుకవాగు సంగతి

మనకు పడమటి వైపు పటాన్‌చెరు ఉంది. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల మురుగునీటిని ఒక కేంద్రంలో శుద్ధి చేసేవారు. ఆ నీళ్లు ఇసుకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, చివరకు మంజీరలోకి పోయేవి.

స్వీడన్ దేశపు శాస్త్రవేత్త లార్సన్, ఆయన తోటివారు శుద్ధి చేసి వదిలిన నీళ్లను పరీక్షించారు. ఫలితం 2007లో ప్రకటించారు. ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఒక్క రోజుకు దాదాపు 45 కిలోలు పోతోందని లెక్క తేలింది. అది 40 వేల మందికి పైగా రోగులకు ఒక రోజు సరిపోయే మందు!

2009లో ఇంకో సంగతి బయటపడింది. 500 చెంబుల నీళ్లలో ఒక్క చెంబు ఆ నీళ్లు కలిపినా, పరీక్షశాలలో కప్ప పిల్లల బరువు 40 శాతం తగ్గింది.

తరువాత వాగు అడుగు మట్టిని చూశారు. కేంద్రానికి ఎగువన కొంత, దిగువన కొంత తీశారు. దిగువ మట్టిలోని క్రిములలో మందుకు లొంగని గుణం చాలా ఎక్కువగా కనబడింది. ఈ ఫలితం 2011లో వచ్చింది.

దీనితో మనకేం పని? అలాంటి గుణం ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి పాకుతుంది. రోగం తెచ్చే క్రిమికి అది అంటితే, మన బిడ్డకు జ్వరం వచ్చిన నాడు డాక్టరు ఇచ్చిన మందు పని చెయ్యదు. వాగు చెడితే చేపకే కాదు, మన ఇంటికీ చేటు.

మనం ఏం చెయ్యగలం?

"నీళ్లు ఇదివరకు ఇట్లా లేవు" అని మనం అంటాం. ఎప్పటి నుంచి అని అడిగితే చెప్పలేం. ఇప్పుడు మనకు రాయడం వచ్చు. బతుకమ్మ పండుగకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి ఒకే చోట నిలబడి చూద్దాం. తారీఖు వేసి రాద్దాం. మురుగు కలిసే చోట నీళ్లలో దిగవద్దు. ఒడ్డు నుంచే చూడండి. రాసిన కాగితం గ్రామసభలోనైనా, పురపాలక ఆఫీసులోనైనా చూపించవచ్చు. నోటిమాట గాలికి పోతుంది. రాసింది నిలుస్తుంది.

జవాబులు రాయండి

1. తూనీగ పిల్లలు ఏం తింటాయి?
2. వాగు మట్టిని ఎగువన, దిగువన రెండు చోట్ల ఎందుకు తీశారు?
3. మీ ఊరి చెరువు దగ్గర ఈ రోజు ఏమేం చూశారు? తారీఖు, నీటి రంగు, వాసన, కనబడ్డ జీవాలు రాయండి.