కొత్త మనిషి కనిపించినప్పుడు



ఈ పాఠం ముఖ్యంగా మన ఇళ్లలో పదిహేను నుంచి పాతికేళ్ల లోపు పిల్లల కోసం. ఎందుకంటే ఇంట్లో ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. దాదాజీకి వచ్చిన వాట్సాప్ సందేశాన్ని చదివి వినిపించేది వాళ్లే. దాన్ని పక్కింటికి పంపాలా, అక్కడే ఆపాలా అన్నది కూడా చాలాసార్లు వాళ్ల చేతిలోనే ఉంటుంది. పెద్దలు కూడా పక్కన కూర్చుని వింటే మంచిది.

మనలో చాలామంది బీదర్ వెళ్లి నానక్ ఝీరా సాహిబ్‌లో జలం తాగి వచ్చినవాళ్లమే. అక్కడి సాఖీ అందరికీ తెలుసు. నీళ్లు చాలక, దొరికినవి తాగడానికి పనికిరాక జనం అల్లాడుతున్న చోటికి గురు నానక్ దేవ్‌జీ వచ్చారు. వాళ్ల కష్టం విన్నారు, రాయి కదిపారు, తీయని నీరు పుట్టింది. ఈ సాఖీలో మనం తొందరగా దాటిపోయే సంగతి ఒకటుంది. ఆ ఊరివాళ్లకు గురుజీ పూర్తిగా కొత్త మనిషి. ఎక్కడో పంజాబ్ నుంచి నడిచి వచ్చారు. వేషం చూస్తే హిందూ ఫకీరో ముస్లిం ఫకీరో తేలదని జనమ్ సాఖీలు చెబుతాయి. వెంట రబాబు పట్టుకున్న భాయీ మర్దానా, ఆయన పుట్టుకతో ముస్లిం. మాట వేరు, తిండి వేరు. అయినా ఊరివాళ్లు రాళ్లు తీయలేదు, తమ కష్టం చెప్పుకున్నారు. చెప్పుకున్నారు కనుకనే నీరు దొరికింది.

అదే బీదర్‌లో ఒక మంగలి కుటుంబంలో పుట్టిన భాయీ సాహిబ్ సింగ్‌జీ 1699లో ఆనంద్‌పూర్ సాహిబ్‌లో పంజ్ ప్యారేలలో ఒకరయ్యారు. అక్కడివాళ్లకు ఆయన కూడా దూరం నుంచి వచ్చినవాడే. ఏ ఊరు, ఏ కులం అని గురు గోబింద్ సింగ్‌జీ అడగలేదు.

ఇప్పుడు అదే బీదర్ జిల్లాలో 2018 జూలై 13న జరిగింది చెప్పుకోవాలి. హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు కారులో వెళ్లారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు బడిపిల్లలు కనిపిస్తే చాక్లెట్లు పంచారు. చూసినవాళ్లలో ఎవరో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని అరిచారు. వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు. వాళ్లు భయపడి కారెక్కి బయల్దేరితే, కారుకన్నా ముందే ఆ వీడియో ముర్కి అనే ఊరికి చేరింది. అక్కడ రోడ్డుకు అడ్డంగా చెట్టు పడేశారు. కారు బోల్తా పడింది. వందల మంది మీద పడి కొట్టారు. హైదరాబాద్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు చనిపోయారు, మిగతావాళ్లు తీవ్రంగా గాయపడ్డారు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. తరువాత చాలామందిని అరెస్టు చేశారు, ఆ వాట్సాప్ గ్రూపు నడిపిన మనిషితో సహా.

దానికి రెండు వారాల ముందు, జూలై 1 ఆదివారం, మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడా గ్రామంలో సంత రోజు. సోలాపూర్ వైపు నుంచి వచ్చిన ఐదుగురు నాథ్‌పంథీ డవరీ గోసావీలు బస్సు దిగారు. భిక్షాటన వాళ్ల తాతల నాటి బతుకుతెరువు. వాళ్లలో ఒకరు ఒక చిన్నపిల్లతో మాట్లాడబోయారట. అంతే. పట్టుకుని, పంచాయతీ ఆఫీసు గదిలోకి లాక్కెళ్లి, ఐదుగురినీ కొట్టి చంపారు.

సంచార కులం, కొత్త ఊరు, సంత రోజు. ఈ మూడు మాటలు విన్నప్పుడు సిక్లీగర్ ఇంట్లో ఎవరికైనా గుండె ఒక్కసారి ఆగాలి. మన తాతలు తాళాలు, కత్తులు, బకెట్లు, పెనాలు చేసి ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు. ఇప్పటికీ కొందరు తిరుగుతున్నారు. తలపాగా, గడ్డం, సంచిలో ఇనుప సామాను, తమలో తాము మాట్లాడుకుంటే ఊరివాళ్లకు అర్థం కాని భాష. పుకారు లేచిన రోజున ముందుగా ఎవరి మీద కన్ను పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ అనుమానం నిన్న పుట్టింది కాదు. 1871లో ఆంగ్లేయులు నేరస్థ తెగల చట్టం తెచ్చి, ఎన్నో సంచార కులాలను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. చూసే చూపు మాత్రం చాలా చోట్ల అలాగే ఉండిపోయింది.

అయితే మన గురించి మనం బాధపడి ఇక్కడే ఆగిపోతే పాఠం సగమే. మన బస్తీలోనూ ఆ చూపు ఉంది. ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి, బిల్డింగు పనికి బీహార్ కుర్రాళ్లు వస్తారు. వాళ్ల భాషను వెక్కిరించే మాటలు మన పిల్లల నోట వినబడతాయి. ఎక్కడైనా సైకిల్ పోతే ముందు వాళ్ల పేరే చెబుతారు. మనల్ని చూసి ఊరివాళ్లు అనే మాటకూ, వాళ్లను చూసి మనం అనే మాటకూ తేడా ఏమిటో పిల్లల్నే అడగండి. వాళ్లు పెద్దలకన్నా నిజాయితీగా జవాబు చెబుతారు.

2018 పుకార్లలో ఊరూరా తిరిగిన వీడియోల్లో ఒకటి ఎక్కడిదో తెలుసుకుంటే ఫోన్ మీద నమ్మకం కొంత తగ్గుతుంది. మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన ప్రచార చిత్రం. పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ కోసం తీశారు. అసలు చిత్రం చివర్లో వాళ్లు పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దించి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. మిగిలింది మన దేశమంతా తిరిగింది. పిల్లల్ని కాపాడమని చేసిన బొమ్మ మనుషుల్ని చంపించింది.

ఇక్కడ భాయీ కన్హయ్యాజీ సాఖీని కొంచెం నిదానంగా చదువుకుందాం. ఆనంద్‌పూర్ యుద్ధాల్లో ఆయన తోలుసంచితో నీళ్లు మోసుకుని గాయపడ్డవాళ్లకు తాగించేవారు. మనవాళ్లకూ పోశారు, కిందపడ్డ శత్రువులకూ పోశారు. కొందరు సిక్కులు గురు గోబింద్ సింగ్‌జీ దగ్గర ఫిర్యాదు చేశారు, మనం పడగొట్టినవాళ్లను ఈయన మళ్లీ లేపుతున్నాడని. ఫిర్యాదులో అబద్ధం లేదు, కోపానికి కారణమూ ఉంది. గురుజీ వెంటనే శిక్ష వేయలేదు, పిలిపించి అడిగారు. నాకు అందరిలోనూ మీ ముఖమే కనిపిస్తోంది, ఎవరికి ఇవ్వాలో ఎవరికి వద్దో తెలియలేదు అన్నారు భాయీ కన్హయ్యాజీ. అప్పుడు గురుజీ మందు ఇచ్చి, గాయాలకు ఇది కూడా రాయమన్నారు.

మనం ఎప్పుడూ భాయీ కన్హయ్యాజీ దయ గురించే కథా చేస్తాం, చేయాలి కూడా. నాకు మాత్రం గురుజీ పిలిచి అడిగిన ఆ క్షణం కూడా అంతే పెద్దదిగా తోస్తుంది. యుద్ధం మధ్యలో, సొంత మనుషులు వచ్చి చెప్పిన మాట మీద కూడా, అడగకుండా తీర్పు చెప్పలేదు. ముర్కిలో ఒక్కరు కారు దగ్గరికి వెళ్లి మీరెవరు బాబూ, ఎక్కడినుంచి వస్తున్నారు అని నెమ్మదిగా అడిగి, జవాబు వినే ఓపిక పట్టి ఉంటే?

అడ్డం నిలబడ్డవాళ్లూ ఉన్నారు. 2018 మే నెలలోనే ఉత్తరాఖండ్‌లోని రామ్‌నగర్ దగ్గర గిరిజాదేవి గుడి వద్ద ఒక ముస్లిం యువకుణ్ణి గుంపు చుట్టుముట్టింది. హిందూ అమ్మాయితో కలిసి వచ్చాడన్నది వాళ్ల కోపం. డ్యూటీలో ఉన్న యువ సబ్ ఇన్‌స్పెక్టర్ గగన్‌దీప్ సింగ్ ఆ కుర్రాణ్ణి గుండెకు హత్తుకుని, దెబ్బలు తన మీద పడుతున్నా వదలకుండా బయటికి తెచ్చారు. ఆ వీడియో కూడా దేశమంతా తిరిగింది. పిల్లలకు చూపించదగ్గ వీడియో అది.

మన తెలంగాణలో ఇంకో దారి కనిపించింది. 2018 ఎండాకాలంలో గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి. ఊళ్లకు వెళ్లిన కానిస్టేబుళ్లు ఒక సంగతి గమనించారు. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం లోపల పడుకుని తలుపులు వేసుకుంటున్నారు. అడిగితే ఫోన్లలో వచ్చిన పిల్లల దొంగల వీడియోలు చూపించారు. అప్పుడు పోలీసులు ఊరూరా తిరిగి, డప్పుతో, జానపద పాటలతో, ఇది అబద్ధమని జనానికి అర్థమయ్యే భాషలో చెప్పారు. వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరారు. పుకారు నోటితో, పాటతో, ముఖం చూసి చెప్పే మాటతో ఆగింది. మన యువకులు దీన్నుంచి నేర్చుకోవచ్చు. మన కీర్తనీ కుర్రాళ్లకు గొంతు ఉంది, ఢోలక్ ఉంది, తెలుగూ వచ్చు.

ఇక చేయవలసిన పని. సందేశం మీద ఫార్వర్డ్ అని గుర్తు ఉంటే, పంపినవాళ్లు చూసి రాసింది కాదని దాని అర్థం. 2018 జూలైలో వాట్సాప్ ఆ గుర్తు తెచ్చింది, మన దేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఐదు చోట్లకు మాత్రం ఎందుకు పంపాలి? ఏ ఊరు, ఏ తేదీ, ఏ పోలీస్ స్టేషన్ అన్నది అందులో లేకపోతే అక్కడే ఆపండి. బస్తీ గ్రూపులో ఎవరైనా పెడితే గ్రూపు నడిపేవాళ్లు తీసేయాలి, పెట్టినవాళ్లకు విడిగా ఫోన్ చేసి చెప్పాలి. మామయ్యో తాయాజీయో అయినా సరే. గ్రూపులో అందరి ముందు పెద్దల్ని తప్పుపడితే ఆ మాట చెవికెక్కదు.

ఎక్కడైనా కొత్త మనిషి చుట్టూ గుంపు చేరుతుంటే ఒంటరిగా వాదించకండి. ముందు 112కు ఫోన్ చేయండి. తరువాత గ్రంథీ సాహిబ్‌నో సర్పంచ్‌నో నలుగురు పెద్దల్నో తీసుకెళ్లండి. గదిలో పెట్టి తలుపు వేస్తే చాలని అనుకోవద్దు, రైన్‌పాడాలో చంపింది గదిలోనే. పోలీసులు వచ్చేదాకా పెద్దలు ఆ గుమ్మం వదలకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ ప్రకారం, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి కులం, భాష, పుట్టిన ప్రాంతం వంటి కారణంతో మనిషిని చంపితే గుంపులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం పడవచ్చు. నేను కొట్టలేదు, ఊరికే నిలబడ్డాను అని చెప్పుకుని బయటపడటం తేలిక కాదు.

సామాను అమ్మడానికి కొత్త ఊరు వెళ్లే మనవాళ్లు ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోవాలి. దిగగానే పంచాయతీలోనో హోటల్ దగ్గరో పేరు, బస్తీ చెప్పుకోవడం మంచిది. ఇది తలవంచడం కాదు, పరిచయం.

వచ్చే ఆదివారం దీవాన్ తరువాత పిల్లల్ని రెండు జట్లుగా కూర్చోబెట్టండి. ఒక జట్టు బీదర్ ఊరివాళ్లు, ఇంకో జట్టు గురు నానక్ దేవ్‌జీని, భాయీ మర్దానాని మొదటిసారి చూసి అనుమానపడ్డవాళ్లు. గురుజీ వేషం ఎవరికీ వేయించవద్దు, అది మన మర్యాద కాదు. ఊరివాళ్ల మాటలే పిల్లలు ఆడాలి: ఎవరు వీళ్లు, ఎందుకొచ్చారు, ఏం చేద్దాం. లంగర్ పని అయ్యాక, బట్టీ దగ్గరుండే ఒడిశా కుటుంబాలను పంగత్‌కు పిలిచే పని ఆ పిల్లలకే అప్పగించండి.