పాఠం 9: ఒత్తుగా, ఆరోగ్యంగా జిన్నియా మడి

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• జిన్నియా మొక్కల మధ్య ఉండవలసిన ఎడాన్ని లెక్క కట్టగలరు.
• ఇరుకుగా నాటితే తెగుళ్లు ఎందుకు వస్తాయో వివరించగలరు.
• తక్కువ మొక్కలతోనే మడిని నిండుగా పెంచగలరు.

9.1 పరిచయం

పూలమడి మట్టి కనిపించనంత నిండుగా ఉండాలని మనందరికీ అనిపిస్తుంది. అందుకే గుప్పెడు విత్తనాలు చల్లి, మొలిచిన ప్రతి మొక్కనూ ఉంచేస్తాం. నెల రోజులు మడి కళకళలాడుతుంది. తీరా పూలు పూసే వేళకు ఆకుల మీద తెల్లని పొడి కనిపిస్తుంది. కింది ఆకులు ఎండిపోతాయి. మీకూ ఇలా జరిగిందా? అయితే ఈసారి ఎడం మార్చి చూడండి.

9.2 ఎడం లెక్క

జిన్నియా పుట్టిల్లు మెక్సికో. దానికి ఎండ ఇష్టం. రోజుకు కనీసం 6 గంటలు ఎండ పడే చోట, నీరు నిలవని నేలలో మడి కట్టండి. మడి వెడల్పు 3 అడుగులు దాటకపోతే రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది.

మధ్యరకం ఎత్తు పెరిగే వాటికి 9 అంగుళాలు, పొడవు రకాలకు 1 అడుగు ఎడం ఇవ్వండి.

ఉదాహరణ: మడి 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంది. అంటే 72 అంగుళాలు, 36 అంగుళాలు.
72 ÷ 9 = 8; 36 ÷ 9 = 4; 8 × 4 = 32 మొక్కలు.

ఇది ఒత్తు. ఇంతకు మించితే ఇరుకు.

9.3 విత్తడం, పలచన చేయడం

జూన్‌లో తొలి వానలు పడ్డాక ఒక్కో చోట రెండు గింజలు, పావు అంగుళం లోతున వేయండి. వారం రోజుల్లో మొలుస్తాయి. నాలుగు ఆకులు వచ్చాక బలమైన మొక్కను ఉంచి, రెండోదాన్ని మొదట్లో కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేళ్లు కదులుతాయి. చేతులారా మొలిపించిన మొక్కను తీసేయడానికి మనసొప్పదు. కాని ఆ ఒక్కదాన్ని వదిలితే రెండూ నీరసిస్తాయి.

9.4 గాలి, తడి

మొక్కల మధ్య గాలి ఆడకపోతే తేమ నిలిచి బూడిద తెగులు వస్తుంది. ఆకులు తడిగా ఉండిపోతే మచ్చ తెగులు వస్తుంది. కాబట్టి ఉదయం పూట, మొదట్లోనే నీళ్లు పోయండి.

2015 చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెంచిన జిన్నియాలకు తేమ ఎక్కువై బూజు పట్టింది. బూజు పట్టిన భాగాలను కత్తిరించి, ఫ్యాను వేగం పెంచి ఆకులను ఆరబెట్టారు. కొన్ని మొక్కలు చనిపోయినా, మిగిలినవి 2016 జనవరిలో పూశాయి. మన పెరట్లో ఆ ఫ్యాను చేసే పనిని ఎడం చేస్తుంది.

9.5 మడి నిండేదెలా?

మొక్క జానెడు ఎదిగాక కొన చిగురు తుంచండి. పక్క కొమ్మలు వచ్చి ఖాళీలను కప్పేస్తాయి. వాడిన పూలను కాడతో తుంచుతూ ఉంటే కొత్త మొగ్గలు వస్తాయి.

పాఠ్యగత ప్రశ్నలు

1. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న మడిలో పొడవు రకం మొక్కలు ఎన్ని పడతాయి?
2. సాయంత్రం ఆకుల మీద నీళ్లు ఎందుకు పోయకూడదు?

సరిచూసుకోండి

1. 4 × 3 = 12 మొక్కలు.
2. రాత్రంతా ఆకులు ఆరవు. మచ్చ తెగులు వస్తుంది.